గుప్పెడు గింజలు, మూడు కప్పుల కాఫీ

తొలి కలయికలో ఏం చేయాలి, ఏం మాట్లాడాలి? ఆఫ్రికా సంప్రదాయాల దగ్గర దీనికి ఖర్చు తక్కువ, గౌరవం ఎక్కువ ఉన్న జవాబులున్నాయి

ఆయన లాయరు. వయసు 38. దేశద్రోహం కేసులో విచారణ ఎదుర్కొంటున్నారు. ఆమె ఆస్పత్రిలో సోషల్ వర్కర్. వయసు 20. అది 1957, జోహాన్నెస్‌బర్గ్. కేసు ఖర్చులకు విరాళాలు పోగుచేయడంలో సాయం కావాలంటూ ఆయన ఆమెకు ఫోన్ చేశారు. అదంతా సాకే. మధ్యాహ్న భోజనానికి ఆమెను తన ఆఫీసుకు దగ్గర్లో ఉన్న ఓ భారతీయ హోటల్‌కు తీసుకెళ్లారు. మసాలా కూర ఎలా ఉంటుందో ఆమె అంతవరకూ ఎరగరు. నోరు మండిపోయి గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగారు. అది కూడా ముచ్చటగానే అనిపించిందని ఆయన చాలా ఏళ్ల తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన నెల్సన్ మండేలా. ఆమె విన్నీ మడికిజేలా. మరుసటి ఏడాది జూన్‌లో వారి పెళ్లయింది.

మండేలా భారతీయ హోటల్‌నే ఎంచుకోవడానికి కారణం రుచి ఒక్కటే కాదు. ఆ నగరంలో నల్లవారిని కూర్చోబెట్టి వడ్డించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. హోటళ్లు, పార్కులు, బస్సులు, చివరకు బెంచీలను కూడా రంగును బట్టి పంచే చట్టం 1953లోనే వచ్చింది. తెల్లవారికీ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లను 1949 చట్టం నిషేధించింది. ఈ పెళ్లిళ్ల నిషేధం 1985 దాకా రద్దు కాలేదు. భోజనం తర్వాత మండేలా, విన్నీ కారులో ఊరి బయటకు వెళ్లారు. పొడుగ్గా పెరిగిన గడ్డి మైదానంలో నడుస్తూ మాట్లాడుకున్నారు. తన మీద ఉన్న కేసు గురించీ, ముందున్న కష్టాల గురించీ ఆయన దాచకుండా చెప్పారు.

ఒక పూట భోజనం, ఆపైన కాలినడక. ఇంతకన్నా సాదాసీదా తొలి కలయిక ఉండదు. కానీ ఎవరు ఎవరితో, ఎక్కడ కూర్చోవచ్చు అన్న ప్రశ్న దాన్ని వెంటాడుతూనే ఉంది. తొలి కలయిక అంటే ఎక్కడైనా ఇంతే. అది ఇద్దరి వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరికీ ఎంత స్వేచ్ఛ ఉందో అందులోనే తెలిసిపోతుంది.

పెళ్లిచూపులకు అలవాటు పడిన తెలుగువారికి ఈ మాట కొత్తేమీ కాదు. పదిమంది పెద్దల మధ్య అమ్మాయి కాఫీ ట్రేతో రావడం, తల వంచుకుని కూర్చోవడం, అబ్బాయి ఓరగా చూడటం పాత పద్ధతి. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో కాఫీ షాపులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉద్యోగం, జీతం, అభిరుచుల గురించి ప్రశ్నలు వేసుకోవడం కొత్త పద్ధతి. మొదటిది తనిఖీలా ఉంటే రెండోది ఇంటర్వ్యూలా ఉంటుంది. రెండింటిలోనూ ఇబ్బంది ఒకటే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. చూపు ఎటు తిప్పాలో తెలీదు. మాట ఆగితే మౌనం కొండంత బరువవుతుంది. నచ్చకపోతే ఆ సంగతి నొప్పించకుండా చెప్పే దారీ తోచదు.

ఆఫ్రికాలోని అనేక జాతులు ఈ చిక్కుముడిని తమదైన పద్ధతిలో విప్పాయి. ఇద్దరి మధ్య ఒక వస్తువునో, ఒక పనినో పెట్టాయి. గింజలు, పూసలు, బట్టలు, కాఫీ కుండ. మాటల భారాన్ని కొంత అవి మోస్తాయి. అయితే ఒక హెచ్చరిక. ఆఫ్రికా ఒక దేశం కాదు. 54 దేశాలు, రెండు వేలకు అటూఇటూగా భాషలు ఉన్న ఖండం. ‘ఆఫ్రికా ఆచారం’ అని గంపగుత్తగా చెప్పేది ఏదీ ఉండదు. ఘనాలో ఉన్నది ఇథియోపియాలో ఉండదు. అందుకే ఒక్కోదాన్నీ దాని ఊరు పేరుతో సహా చెప్పుకోవడమే సబబు.

ఓడినా ఆకలితో వదలని ఆట

ముందుగా ఘనా. అక్కడి అకాన్ ప్రజలు ఆడే ఆట పేరు ఒవారె. చెక్కలో రెండు వరసలుగా తొలిచిన 12 గుంటలు, గుంటకు నాలుగు చొప్పున 48 గింజలు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కోటీ పంచుకుంటూ పోవాలి. ఈ వర్ణన వినగానే తెలుగిళ్లలో అమ్మమ్మలకు గుర్తొచ్చేది వామనగుంటలు. చింతపిక్కలతో, 14 గుంటలతో ఆడే ఆ ఆట కూడా ఒవారె కుటుంబానికి చెందినదే. స్వాహిలీ తీరంలో ఇదే కుటుంబంలోని ఆటను బావో అంటారు. దానికి 32 గుంటలు, 64 గింజలు.

ఒవారె అనే పేరుకు అకాన్ భాషలో పెళ్లి చేసుకోవడం అన్న అర్థం ఉందంటారు. దీనికో జానపద కథ కూడా ఉంది. ఒక యువతీ యువకుడూ ఈ ఆటకు కూర్చున్నారట. ఆట ఎంతకీ తెమల్లేదు. ఆపడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. ఆటను కొనసాగించాలంటే ఒకే ఇంట్లో ఉండటం మేలని పెళ్లి చేసుకున్నారట. కథ నిజమో కాదో గానీ దాని వెనకున్న ఇంగితం గట్టిది. గంటసేపు ఆట ఆడితే ఎదుటి మనిషి ఓటమిని ఎలా తీసుకుంటారో, గెలిస్తే ఎంత ఎగిరిపడతారో, తొండి చేస్తారో లేదో తెలిసిపోతుంది. జీతం ఎంతో అడిగితే తెలిసేది ఇందులో పదో వంతు కూడా ఉండదు.

ఆ ఆటలో మరో నియమం ఉంది. ఎదుటివారి గుంటలన్నీ ఖాళీ అయిపోతే, వీలున్నంత వరకు వాళ్లకు గింజలు అందేలాగే ఎత్తు వేయాలి. గెలుస్తున్నాం కదా అని అవతలివారిని ఆకలితో మాడ్చకూడదు. తొలి కలయికలోని సంభాషణకూ ఇది వర్తిస్తుంది. గంటసేపూ తన గురించి తానే చెప్పుకుపోయేవారికి ఒవారె బల్ల ముందు కూర్చోవడం మంచి శిక్షణ. వామనగుంటలను ఆడపిల్లల ఆటగా చూసే అలవాటున్న ఇళ్లలో ఒక అబ్బాయి చింతపిక్కలు పట్టుకుని కూర్చుంటే అదే సగం పరిచయం.

తొందరపడని కాఫీ

ఇథియోపియాలో కాఫీని బునా అంటారు. నేటి ప్రపంచం తాగుతున్న అరబికా కాఫీ మొక్క పుట్టిల్లు ఆ దేశపు నైరుతి అడవులే. అక్కడ అతిథికి కాఫీ ఇవ్వడం అంటే ఫిల్టర్‌లోంచి వంచి ఇవ్వడం కాదు. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. సాంబ్రాణి పొగ వేస్తారు. పచ్చి గింజలను కడిగి, పెనం మీద అతిథుల ఎదుటే వేయిస్తారు. ఆ పొగను అందరి దగ్గరకూ తీసుకెళ్లి వాసన చూపిస్తారు. తర్వాత దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. పక్కన పేలాలు. అదే పొడిని మూడుసార్లు కాస్తారు. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన. మూడో కప్పు తాగకుండా లేవడం మర్యాద కాదు.

నిజానికి బునా ప్రేమికుల కోసం పుట్టిన తంతు కాదు. ఇరుగుపొరుగు కూడి ఊరి సంగతులు కలబోసుకునే సందర్భమది. అడిస్ అబాబా యువత తొలి పరిచయానికి ఇటాలియన్లు అలవాటు చేసిన మకియాటో తాగడానికి కేఫ్‌కు వెళ్లడమే ఎక్కువ. అయినా బునాలో తొలి కలయికకు పనికొచ్చే అంశం ఒకటుంది. అది సమయం. గింజ వేగడానికి పట్టేంత సేపు పడుతుంది. ఆ లోగా మాట సాగినా సరే, ఆగినా సరే. మౌనం ఎబ్బెట్టుగా ఉండదు. చూడటానికి మంట ఉంటుంది, పీల్చడానికి వాసన ఉంటుంది. చప్పగా మొదలైన పరిచయం మూడో కప్పు దాకా వచ్చేసరికి చిక్కబడే అవకాశమూ ఉంది. కాఫీ మాత్రం విడత విడతకూ పలచబడుతుంది.

తెలుగువారి పెళ్లిచూపుల కాఫీతో దీన్ని పోల్చి చూడాలి. అక్కడా ఇక్కడా కాఫీ ఇచ్చేది స్త్రీయే. కానీ బునాలో ఆమె గది మధ్యలో కూర్చుంటుంది. ఆమె చేతి పని ముగిసేదాకా అందరూ ఎదురుచూస్తారు. మాటలన్నీ ఆమె చెవిన పడతాయి. ట్రే అందించి తల వంచుకునే పాత్ర కాదది. అయితే గంటకు పైగా సాగే ఈ శ్రమంతా స్త్రీల మీదే పడటం మాత్రం నచ్చుకోదగ్గది కాదు. ఇక్కడ దాన్ని అనుసరించదలచినవారు ఆ ఒక్క మార్పు చేసుకుంటే చాలు. అరకు లోయ అరబికా పచ్చి గింజలు గుప్పెడు తెచ్చుకుని, ఒకరు వేయిస్తే మరొకరు దంచవచ్చు. మాడితే నవ్వుకోవచ్చు.

ఇథియోపియా భోజనంలోనూ ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా చూడటానికి పెద్ద దోసెలా ఉంటుంది. దాన్ని ఒకే పళ్లెంలోంచి అందరూ తుంచుకుని తింటారు. ఆత్మీయులకు ముద్ద చేసి నోట్లో పెట్టడాన్ని గుర్షా అంటారు. గోరుముద్దల సంస్కృతి ఉన్నవారికి దాని అర్థం వివరించనక్కర్లేదు. కాకపోతే తొలి రోజునే గుర్షాకు తొందరపడకపోవడం మంచిది.

పూసలు చెప్పే జవాబు

దక్షిణాఫ్రికాలోని జులూ యువతులు ఒకప్పుడు ప్రేమలేఖలను పూసలతో రాసేవారు. యువకుడు వెంటపడి ఎంత మాటకారితనం చూపించినా అమ్మాయి వెంటనే తేలేది కాదు. ఆలోచించుకోవడానికి ఆమెకు నెలలు పట్టవచ్చు. ఆమెకు అండగా ఊళ్లోని వయసులో పెద్దయిన అవివాహిత యువతులు ఉండేవారు. వారిని అమక్విఖిజా అంటారు. అబ్బాయి ఎలాంటివాడో వాళ్లు ఆరా తీసేవారు. చివరకు ఆమె సరేననుకుంటే తెల్లపూసల దండ పంపేది. దాన్ని అందుకున్న అబ్బాయి ఇంటి దగ్గర తెల్లజెండా ఎగిరేది. దండ రాలేదంటే అదే జవాబు. ఎవరికీ తలవంపులు ఉండవు.

పూసల రంగులకు అర్థాలున్నాయి. తెలుపు స్వచ్ఛమైన ప్రేమకు గుర్తు. మిగతా రంగుల భావం ప్రాంతాన్ని బట్టి, పక్కన ఏ రంగు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకే రంగు మంచినీ చెడునూ చెప్పగలదు. పర్యాటకుల దుకాణాల్లో అమ్మే ‘రంగుల నిఘంటువు’ను పట్టుకుని పూసల ఉత్తరం చదవడం జరిగేపని కాదు. అబ్బాయిలకు కూడా అది అంత సులభంగా అర్థమయ్యేది కాదు. అక్కాచెల్లెళ్లను బతిమాలుకునేవారు.

ఈ పూసల వెనక ఒక సుదీర్ఘ ప్రయాణం ఉంది. దక్షిణాఫ్రికాలో 13వ శతాబ్దంలో వర్ధిల్లిన మాపుంగుబ్వే నగరపు తవ్వకాల్లో వేల సంఖ్యలో గాజుపూసలు దొరికాయి. అవి హిందూ మహాసముద్రం మీదుగా సాగిన వర్తకంలో ఆసియా నుంచి చేరినవి. గాజును సన్నని గొట్టంగా సాగదీసి ముక్కలుగా కోసే అలాంటి పూసల తయారీ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం దాకా నిలబెట్టుకున్న ఊళ్లలో తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట ఒకటి. తర్వాతి కాలంలో జులూ యువతులు కుట్టిన పూసలు ఎక్కువగా ఐరోపా నుంచి వచ్చాయి. సరుకు ఎక్కడిదైనా దానితో ఏం చెప్పాలన్నది మాత్రం అమ్మాయిల సొంతం.

టాంజానియా, కెన్యా తీరాల్లో ఈ పని బట్ట చేస్తుంది. అక్కడి స్త్రీలు చుట్టుకునే కంగా అంచు మీద స్వాహిలీలో ఒక సామెతో, చమత్కారమో అచ్చువేసి ఉంటుంది. రంగు, డిజైన్ ఎంత నచ్చినా ఆ మాట చదవకుండా ఎవరూ కొనరు. ప్రేమను, అలకను, ఎత్తిపొడుపును కూడా కంగాతో చెప్పొచ్చు. నోటితో అనలేని మాటను భుజాన వేసుకుని నడిచిపోవచ్చు.

అద్దం ముందు మగవాళ్లు

పాత్రలు పూర్తిగా తారుమారయ్యే చోటు నైజర్. అక్కడి సంచార పశుపాలకులైన వొడాబే ప్రజలు వానాకాలం చివర్లో ఒకచోట చేరతారు. ఆ సంబరం పేరు గెరెవోల్. అందులో సింగారించుకునేది మగవాళ్లు. ముఖానికి పసుపు, ఎరుపు మట్టిరంగులు, కళ్లకూ పెదాలకూ నల్లని కాటుక, తలకు ఈకలు. చేతిలో అద్దం. ముస్తాబుకే గంటలు పడుతుంది. తర్వాత వరసలో నిలబడి, కళ్లు తిప్పుతూ, తెల్లని పళ్లు మెరిపిస్తూ గంటల తరబడి నాట్యం చేస్తారు. ఎవరు అందగాడో తేల్చే న్యాయనిర్ణేతలు యువతులే. చిన్నప్పుడే పెద్దలు దగ్గరి బంధువుల్లో కుదిర్చే పెళ్లితోపాటు, తర్వాత స్త్రీ తన ఇష్టంతో చేసుకునే పెళ్లిని కూడా ఆ సమాజం గుర్తిస్తుంది.

ఈ దృశ్యాన్ని వింతగా చూసి నవ్వుకోవడం తేలిక. కానీ పౌడరు అద్దుకుని, పట్టుచీర కట్టుకుని పదిమంది చూపులకు నిలబడటం ఆడపిల్లకు సహజమనీ, మగవాడికి హాస్యాస్పదమనీ ఎవరు తేల్చారన్న ప్రశ్న గెరెవోల్ వేస్తుంది. తొలి కలయికకు ఇందులోంచి తీసుకోదగ్గ చిట్కా సులువైనదే. ఈసారి శ్రద్ధగా తయారయ్యే పని అబ్బాయిది. మళ్లీ కలుద్దామా వద్దా అన్నది ముందుగా చెప్పే హక్కు అమ్మాయిది.

నాణేనికి మరో వైపు

ఇంత చెప్పాక రెండో వైపు చూడకపోతే ఆ ఖండపు స్త్రీలకు అన్యాయం చేసినట్టే. ఇథియోపియాలో కొన్నిచోట్ల అమ్మాయిని ఎత్తుకుపోయి, బలాత్కరించి, ఆపైన పెద్దల రాజీతో పెళ్లి చేసుకునే దురాచారం ఉండేది. పాత శిక్షాస్మృతి ప్రకారం ఎత్తుకుపోయినవాడు పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పేది. 1996లో బడి నుంచి ఇంటికి వెళ్తుండగా అపహరణకు గురైన 14 ఏళ్ల బాలిక ఒకరు తప్పించుకునే ప్రయత్నంలో ఆ వ్యక్తిని తుపాకీతో కాల్చారు. మహిళా న్యాయవాదుల సంఘం ఆమె తరఫున పోరాడింది. ఆత్మరక్షణ కోసమే కాల్చిందని కోర్టు విడుదల చేసింది. 2014లో వచ్చిన డిఫ్రెట్ సినిమాకు మూలం ఈ ఉదంతమే. 2005లో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి పెళ్లి పేరిట ఇచ్చిన మినహాయింపును ఎత్తేసింది.

దక్షిణాఫ్రికాలో ఉకుత్వాలా అనే ఆచారానిదీ అలాంటి కథే. పెద్దలు ఒప్పుకోనప్పుడు ఇద్దరూ కూడబలుక్కుని ఆడే ‘ఎత్తుకుపోవడం’ నాటకంగా అది కొన్నిచోట్ల సాగింది. ఆ ముసుగులో మైనర్ బాలికలను బలవంతంగా తీసుకుపోయినవారూ ఉన్నారు. అది ఆచారమన్న వాదనను 2015లో వెస్టర్న్ కేప్ హైకోర్టు తోసిపుచ్చింది.

ఒకే దేశంలో ఒక ఆచారం అమ్మాయికి నెలల తరబడి ఆలోచించుకునే వ్యవధి ఇస్తే, మరొకటి ఆమె గొంతు నొక్కేసింది. రెండూ సంప్రదాయం పేరుతోనే చలామణీ అయ్యాయి. తేడా పట్టుకోవడానికి గీటురాయి ఒకటే. కాదనడానికి అందులో చోటుందా లేదా అన్నది. తెల్లపూసల దండ పంపకుండా ఉండొచ్చు. నచ్చని కంగా కట్టకుండా ఉండొచ్చు. ఒవారెలో ఆట ముగిశాక లేచి వెళ్లిపోవచ్చు. ఈ గీటురాయి మీద పెళ్లిచూపులను రుద్ది చూసినా అన్నీ మేలిమి బంగారంగా తేలవు. అబ్బాయి తరఫువారు ‘తర్వాత కబురు చేస్తాం’ అనొచ్చు. అమ్మాయి అదే మాట అంటే ఆ ఇంట్లో ఎంత రభస జరుగుతుందో తెలియనిది కాదు.

ముసుగులు వద్దు

‘ఆఫ్రికా తరహా’ సాయంత్రం అనగానే చిరుతపులి మచ్చల గుడ్డలు, చెక్క ముసుగులు, డప్పులు ఏర్పాటు చేసేవారున్నారు. అది అలంకరణే తప్ప పరిచయం కాదు. హైదరాబాద్‌కు ఆఫ్రికాతో అంతకన్నా దగ్గరి బంధమే ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ ఆశ్విక దళం పేరే నేటి ఏసీ గార్డ్స్ ప్రాంతానికి మిగిలింది. పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా, సిద్దీలూ యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ తెచ్చిన వాద్యం. ఆ మోతకు చిందులేసే జనం ఉన్న దేశంలోనే ఆఫ్రికా విద్యార్థులు అవమానాలు కూడా ఎదుర్కొన్నారు. 2017 మార్చిలో ఢిల్లీ పొరుగున గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను ఒక మూక షాపింగ్ మాల్‌లోనే చితకబాదింది. పూసలు ముద్దు, మనుషులు వద్దు అనుకునేవారికి ఆ పూసల భాష ఎన్నటికీ అర్థం కాదు.

మండేలా, విన్నీల కథలో చివరగా చెప్పుకోవాల్సిన ముక్క ఒకటి మిగిలింది. ఆయన తనను పెళ్లి చేసుకుంటావా అని ఎప్పుడూ అడగలేదని విన్నీ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఫలానా దర్జీ దగ్గరకు వెళ్లి పెళ్లి గౌనుకు కొలతలివ్వమని చెప్పారట. పెళ్లి సంగతి ఆమెకు తెలిసింది అలా. ఆమె పీకల్లోతు ప్రేమలో ఉన్నారు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. ఆయన పెళ్లికూతురి తరఫువారికి సంప్రదాయం ప్రకారం లోబోలా చెల్లించారు. ఒక జాతి స్వేచ్ఛ కోసం 27 ఏళ్లు జైల్లో గడపబోయే మనిషికి కూడా ఎదుట ఉన్న అమ్మాయిని ఆ ఒక్క ప్రశ్న అడగాలని తట్టలేదు.

అడగడం కష్టమే. అడిగాక జవాబు కోసం ఆగడం ఇంకా కష్టం. అందుకే ఇద్దరి మధ్య గింజలో, పూసలో, మూడు విడతల కాఫీయో ఉండటం మంచిది. తొలి కలయికకు వెళ్లేవారు గుప్పెడు చింతపిక్కలు జేబులో వేసుకుని వెళ్లవచ్చు. ఓడిపోవడానికి కూడా సిద్ధపడి వెళితే మరీ మంచిది.